లాస్ట్ స్టాపు కనకాంబరాలు

ఆమె పోయిందని ఆమె కొడుకు ఆటో ఆపి చెప్పినప్పుడు నాకు వెంటనే ఏడుపు రాలేదు. దీంట్లో కూడా నాకంటే ముందేనా అనిపించింది. పొద్దున బస్సెక్కి తిరిగొచ్చిందట, మధ్యాహ్నం సంగటి తిన్నదట, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నదట, అంతే. ఆస్పత్రి లేదు, మంచం పట్టడం లేదు, కోడలి చేత మాట పడింది లేదు. మా అత్తగారు ఎంత అవస్థపడి పోయిందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అదృష్టమంటే అట్లా ఉండాలి. ఆ చావు మీద కూడా నాకు కన్ను కుట్టింది.

నన్ను ఏమన్నా అనుకోండి. ఆమె గురించి చెప్పాలంటే నా కడుపుమంట దగ్గరే మొదలుపెట్టాలి. అది దాచిపెట్టి చెబితే ఎవరో మంచి ముసలావిడ గురించి చెప్పినట్టు ఉంటుంది. ఆమె అంత మంచిదేం కాదు. నన్ను ఏడిపించడానికే పుట్టిందని కొన్నేళ్ళపాటు గట్టిగా నమ్మాను.

బెంగుళూరు కాటన్‌పేటలో మా ఇంటికి ఎదురు సందులో ఉండేది. నాకంటే కొన్నేళ్ళు పెద్ద. పొట్టి మనిషి, ముక్కుకు రెండు పక్కలా పుడకలు. మెడలో సన్నటి గొలుసు పక్కన ఒక నీలం పట్టీ, దాని చివర ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు. ఆ పట్టీ ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే ఒక పిల్ల బస్సులో ఆమెకు ఇచ్చింది. ఆఫీసుల పిల్లలు కార్డులు మెడలో వేసుకుని ఎట్లా నడుస్తారో ఈమె కూడా సందులోంచి అట్లాగే నడిచి వచ్చేది. వీధిలో చిన్నాపెద్దా అందరూ బస్సక్క అనేవాళ్ళు. నేను ఉట్టి అక్కా అనేదాన్ని. ఆ బిరుదు నా నోటితో పలకడం నాకిష్టం లేదు.

మొదట్లో అట్లా లేదు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేసిన ఆ ఎన్నికలకు ముందు మేమిద్దరం సమానమే. నేను బస్సెక్కాలంటే మా ఆయన్ని డబ్బులడగాలి. ఆయనకు చిక్కపేటలో చిన్న అంగడి ఉంది, టైలర్లకు కావలసిన లేసులు, గుండీలు, జిప్పులు అమ్ముతాడు. మంచివాడే, లేదనడు. కానీ ఇచ్చేముందు తల ఎత్తి "యాడికి?" అంటాడు. యాడికో చెప్పాలంటే ఏదో ఒక పని ఉండాలి. పనేమీ లేకుండా ఊరికే బయటికి పోవాలనిపిస్తుందని ఆయనకు ఎట్లా చెప్పేది? అక్కకు మొగుడు లేడు, ఆమె కొడుకును అడగాలి. ఆటో నడిపేవాడి తల్లి బస్సుకు డబ్బులడిగితే వాడికి పౌరుషం. "నేను దింపుతాలే మా, ఆగు" అనేవాడు. ఆమె ఆగుతూనే ఉండేది. అందుకని ఇద్దరం సాయంత్రాలు మా మెట్ల మీద కూర్చుని, అనపకాయలు ఒలుస్తూ, మగవాళ్ళనూ ఊరినీ కలిపి తిట్టుకునేవాళ్ళం. ఒకరి మీద ఒకరికి ఏమీ ఉండేది కాదు.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. మమ్మల్ని గెలిపిస్తే ఆడవాళ్ళందరికీ బస్సు ఫ్రీ అన్నారు ఒక పార్టీవాళ్ళు. వీధిలోకి ఓట్లడగడానికి ఎవరొచ్చినా, ఏ జెండా పట్టుకొచ్చినా, అక్క అడిగేది ఒకటే. "అదంతా సరేప్పా, బస్సు ఇస్తారా, లేదా?" రోడ్డుకు తారు పోయిస్తామని ఒకాయన చెప్పబోతే, "తారు నాకెందుకప్పా, నేనేమన్నా లారీనా?" అంది. ఆయన వెంట వచ్చిన కుర్రాళ్ళు నవ్వితే వాళ్ళనూ వదల్లేదు. వాళ్ళ చేతుల్లోని కరపత్రాలన్నీ లాక్కుపోయి ఇంట్లో అలమరలో పరిచింది. ఓటు రోజు జరీ అంచు చీర కట్టుకుని, అందరికంటే ముందు పోయి లైన్లో నిలబడింది. సిరా చుక్క చెరిగిపోకుండా వేలు గాల్లోకి ఎత్తి పట్టుకుని, నేను కూర్చున్న మెట్ల ముందునుంచే ఇంటికి పోయింది. నేను ఓటు వేయలేదు. ఈ ఊళ్ళో నాకు ఓటు లేదు.

ఎందుకు లేదో చెప్పాలి. మాది హిందూపురం పక్కన పల్లె. కాపురం ఇక్కడ, ఓటు అక్కడ. మా ఆయన అన్న, మా బావగారు, ఊళ్ళో పంచాయతీకి నిలబడుతుంటాడు. ఒకసారి ఆయన గట్టెక్కింది బెంగుళూరు ఓట్లతోనేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎన్నికలంటే చాలు, మార్కెట్ దగ్గరికి బస్సు పంపిస్తాడు. మా ఊరినుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళందరం దాంట్లో పోయి ఓట్లు గుద్ది, పులిహోర తిని, తిరిగొస్తాం. ఆధార్‌ కార్డులో బెంగుళూరు అడ్రసు వేయించుకుంటే ఊళ్ళో ఓటు దానంతటదే ఎగిరిపోతుందని మా బావగారి మాట. మాకందరికీ ఆయన మాట వేదం. మా ఊరివాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఇంతే, ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకునే పిల్లల కార్డుల్లో కూడా ఆ పల్లె పేరే ఉంటుంది. అక్క పుట్టిందీ అక్కడే, మా పక్క ఊళ్ళోనే. కానీ పెళ్ళై రాగానే ఇక్కడి మనిషైపోయింది. "ఉండే ఇల్లు ఈడ పెట్టుకోని ఓటు ఆడ దాచిపెట్టుకుంటే ఎట్ల మే?" అనేది నన్ను.

బస్సు ఫ్రీ అయిన వారంలోనే ఇద్దరం బనశంకరి గుడికి బయలుదేరాం. కండక్టరు అక్క కార్డు చూసి, మిషన్ నొక్కి, సున్నా టికెట్టు ఆమె చేతిలో పెట్టాడు. నా కార్డు అటూ ఇటూ తిప్పాడు. "మేడం, ఇదు ఆంధ్రా కార్డు. టికెట్ తగోబేకు" అన్నాడు, టికెట్టు తీసుకోవాలని. పాపం, మెల్లగానే అన్నాడు. కానీ బస్సు నిండా ఆడవాళ్ళు, అందరి చేతుల్లోనూ సున్నా టికెట్లు, అందరూ మెడలు తిప్పి నన్నే చూశారు. పెళ్ళైన నాటినుంచి ఈ ఊరి నీళ్ళు తాగుతున్నదాన్ని, ఒక్క నిమిషంలో చుట్టపుచూపుకు వచ్చినదాన్నైపోయాను.

అప్పుడు అక్క ఊరుకోవాలా వద్దా? ఊరుకోలేదు. "ఆయమ్మ మా వీధే కదప్పా! మా ఎదురిల్లే! ఇచ్చేయి టికెట్టు" అని గలాటా పెట్టుకుంది. అతను రూల్స్ అన్నాడు. "సరే పో, దాని టికెట్టు నేనే కొంటా" అని చెంగు ముడి విప్పబోయింది. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా టికెట్టు నేనే కొనుక్కుని, గుడి వచ్చేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆ కిటికీ సీటు కూడా ఆమెదే కాబట్టి ఆమె మీదుగా చూడాల్సి వచ్చింది.

"ఏం మే, మొగం అట్ల పెట్టినావు?" అంది. "సున్నా టికెట్టే కదా, బంగారమా?"

బంగారమైతే నాకింత మంట ఉండేది కాదు. బంగారం మా ఇంట్లోనూ కాస్తో కూస్తో ఉంది. బయటికి పోవడానికి ఎవరినీ అడగక్కర్లేకపోవడం మా ఇంట్లో లేదు.

ఆ తర్వాత ఆమె పట్టపగ్గాల్లేకుండా తిరిగింది. టికెట్టును సన్నగా చుట్టి గాజుల మధ్య దూర్చేది. బస్సెక్కుతూనే డ్రైవరును "ఏమప్పా, ఊట ఆయ్తా?" అని పలకరించేది, అన్నం తిన్నావా అని. కన్నడం, తెలుగు రెండు వేర్వేరు భాషలని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. నిలబడ్డ ఆఫీసు పిల్లల బ్యాగులన్నీ లాక్కుని ఒళ్ళో పెట్టుకునేది. ఒక్కోసారి ఆ లాప్‌టాప్ బ్యాగుల వెనక ముక్కుపుడకలు తప్ప మనిషి కనిపించేది కాదు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఏ పిల్లకు మేనేజరుతో బేజారు, ఏ పిల్లకు సంబంధం కుదిరింది, అన్నీ ఆమెకు తెలుసు. ఇంట్లో నా కూతురు ఏ ఆఫీసులో పనిచేస్తుందో నాకు సరిగ్గా చెప్పడం రాదు.

మగవాళ్ళెవరైనా, ఓసి గిరాకీతో, అంటే డబ్బులివ్వనివాళ్ళతో, బస్సు నిండిపోయింది, మాకు సీట్లెక్కడివి అని సణిగితే కూర్చున్న చోటినుంచే అందుకునేది. "ఓసిలో కాదప్పా, ఓటేసి ఎక్కినా. నువ్వూ ఏసినావు కదా, నోరు తెరిచి అడుక్కోలేకపోయినావా?" వాళ్ళు నవ్వేసి ఊరుకునేవాళ్ళు. అదే మాట నేనని ఉంటే బస్సు దింపేసేవాళ్ళు. నోటిలో కూడా అదృష్టం ఉంటుంది కొందరికి.

ఇంట్లో మాత్రం అంత సులువుగా గడవలేదు. "ఆడోళ్ళంతా బస్సెక్కి పోతే నా ఆటో ఎవురెక్కల్ల చిన్నమ్మా?" అని ఆమె కొడుకు నా దగ్గర వాపోయేవాడు. "మా అమ్మే ఓటేసి నా కడుపు మీద కొట్టింది." నేను లోపల సంతోషిస్తూ, పైకి అయ్యో అనేదాన్ని. ఆ మాట ఆమెకు చేరేసింది కూడా నేనే. "వాడ్ని ఎలక్షన్లో నిలబడమను, అప్పుడు వాడికేస్తా" అని ఆమె బస్సుకు పోయింది. పోయింది గానీ, ఆ సాయంత్రం కొడుకు ఇష్టపడే బోటీ కూర వండి, వాడు తినేదాకా గుమ్మంలో నిలబడి ఉంది. అది కూడా నేను మెట్ల మీదినుంచే చూశాను. నాకు వేరే పనేముంది?

ఆమెకూ పనేమీ ఉండేది కాదు. అదే అసలు సంగతి. ఏదో ఒక బస్సెక్కేది, లాస్ట్ స్టాపు దాకా పోయేది, దిగి కాసేపు నిలబడేది, ఇంకో బస్సులో తిరిగొచ్చేది. ఎక్కువగా సర్జాపుర పోయేది. అక్కడ స్టాపు పక్కన పూలమ్మే ఒకామె దగ్గర కనకాంబరాలు కొని, వస్తూ వస్తూ మూరెడు తుంచి మా కిటికీ కమ్మీకి తగిలించేది. "సర్జాపురం పూలు మే" అనేది. కాటన్‌పేట పూలు పూలు కావా? నేను వాటిని ఎన్నడూ తలలో పెట్టుకోలేదు, దేవుడి పటానికి వేసేసేదాన్ని. దేవుడికి కడుపుమంట ఉండదు కదా.

"ఆడేముండాదక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఏమీ లేదు మే."

"మరి పదేపదే ఎందుకు పోతావు?"

"సుమ్మనే" అంది. ఊరికే అని. ఆ సుమ్మనే అనేటప్పుడు ఆమె మొహం చూడాలి మీరు. నాకు జన్మలో అట్లా అనడం కుదరలేదు.

కాళ్ళు నొయ్యవా, ఇంత తిరుగుడేమిటి అంటే, "మళ్ళా ఎలక్షన్లు వస్తాయి మే. వీళ్ళు ఓడిపోతే వచ్చేటోళ్ళు ఉంచుతారో, తీసేస్తారో! ఇప్పుడే తిరిగేయల్ల" అనేది. పెళ్ళివాళ్ళ ఇంట్లో విస్తరి లేపేస్తారేమో అని గబగబా తినేవాళ్ళుంటారే, అట్లా తిరిగింది. ఒకసారి ఓట్ల పండగ వచ్చి, సిటీ బస్సులు చాలావరకు పోలింగు పనికి పోయాయి. అక్క స్టాపులో చాలాసేపు నిలబడి నిలబడి, తిరిగొచ్చి మా మెట్ల మీద కూలబడింది. "బస్సులన్నీ ఓటుకు పోయినాయంట" అంది దిగులుగా. నాకు లోపల చల్లగా ఉంది. అనపకాయల గంప ఆమె ముందుకు తోశాను. ఒలవడం మొదలుపెట్టింది. అచ్చం పాత రోజుల్లా ఉంది, ఆ బస్సులు ఎప్పటికీ తిరిగి రాకపోతే బాగుండుననిపించింది. ఓట్లయిపోయాయి, బస్సులు వచ్చాయి, నీలం పట్టీ మళ్ళీ సందులోంచి బయలుదేరింది.

తర్వాత ఆంధ్రాలో ఎన్నికలు. మా బావగారు పంపిన బస్సులో పోయి ఓటేసి వచ్చాం. గెలిచినవాళ్ళు కొన్నాళ్ళకు అక్కడా ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేశారు. టీవీలో వార్త చూసి చెప్పులైనా వేసుకోకుండా ఎదురు సందులోకి పరిగెత్తాను.

"అక్కా, మాకూ వచ్చేసింది!"

"మాకూ అంటే యాడ?"

"మా ఆంధ్రాలో."

"నువ్వుండేది ఈడ కదా మే" అంది. చీపురు పట్టుకుని ఊడుస్తూనే అంది, తల కూడా ఎత్తలేదు. చివరికి తల ఎత్తింది. నా మొహం చూసి జాలేసిందేమో, చీపురు పక్కన పెట్టి, "పోదాం పా. నేనూ మా ఊరు చూసి ఎంత కాలమాయ" అంది.

పోయాం. గౌరిబిదనూరు దాకా మామూలే, ఆమెకు సున్నా టికెట్టు, నాకు అసలు టికెట్టు. అక్కడ దిగి హిందూపురం బస్సెక్కాం. అది రాష్ట్రం దాటే బస్సు, దాంట్లో ఎవరి కార్డూ చెల్లదు. ఇద్దరం టికెట్లు కొన్నాం. ఆ ముక్క దూరం చిన్నదే. అయితే నా జీవితంలో అంత హాయిగా సాగిన బస్సు ప్రయాణం ఇంకొకటి లేదు. తన టికెట్టు గాజుల్లో దూర్చుకుని, నాది లాక్కుని నా గాజుల్లోనూ దూర్చింది. కిటికీ సీటు నాకిచ్చింది. ఉడికించిన శనక్కాయలు తిని, పొట్టు కిటికీలోంచి పారేస్తూ, మా అత్తల గురించి చెప్పుకుని పడీపడీ నవ్వాం. ఉన్నట్టుండి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఈ బస్సులో నీ మొగం చెన్నాగుండాది మే" అంది, బాగుందని. తెలిసే అన్నదో, తెలియక అన్నదో ఇప్పటికీ అర్థం కాదు.

హిందూపురంలో పల్లె బస్సెక్కాం. ఇప్పుడు నా వంతు. అడగకముందే కార్డు తీసి పట్టుకున్నాను. కండక్టరమ్మ నాకు సున్నా టికెట్టు ఇచ్చి, అక్క మెడలోని కార్డు చూసి, "ఇది కర్ణాటకది పెద్దమ్మా, నువ్వు టికెట్టు తీసుకోవాల" అంది. ఈ ఒక్క మాట వినడానికే నేను అంత దూరం వచ్చాను. తిరిగి అక్క మొహం చూశాను. ఆమె చెంగు ముడి విప్పి, డబ్బులు తీసి, "ఈపొద్దు దండిగా కొంటాండా టికెట్లు! నన్ను చూస్తే దొరసాని మాదిరి లేనా?" అని పకపకా నవ్వింది. కండక్టరమ్మ నవ్వింది, బస్సంతా నవ్వింది. మళ్ళీ అందరూ ఆమెనే చూస్తున్నారు. సున్నా టికెట్టు నా గుప్పిట్లో చెమటకు తడిసిపోయింది. ఆ మనిషికి అసూయ పడటం కూడా రాదని ఆ రోజు తేల్చుకున్నాను. దాని మీద కూడా నాకు అసూయే.

మా బావగారు అరుగు మీదినుంచే, "వచ్చినారే మా బెంగుళూరోళ్ళు!" అని కేకేసి, కుర్చీ వేయించాడు. కాఫీ వచ్చింది. పంచాయతీ ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయని, ఈసారి రెండు బస్సులు పంపిస్తానని చెప్పాడు. "నువ్వు రాకపోతే పని జరగదమ్మా" అన్నాడు నాతో. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఆగి పలకరించారు. అక్క స్తంభానికి ఆనుకుని కాఫీ తాగుతూ వింది. తర్వాత లేచి పక్క ఊరు చూసొస్తానని ఒక్కతే పోయి, తొందరగానే తిరిగొచ్చింది. "మా ఇల్లుండే తావున ఎవురో కోళ్ళఫారం పెట్టినారు. గుర్తుపట్టేటోళ్ళు ఒకరూ లేరు" అంది. తిరుగు ప్రయాణంలో ఎక్కువ మాట్లాడలేదు. ఎండకు అలిసిపోయిందనుకున్నాను.

వచ్చాక కొన్నాళ్ళు ఒకటే నస పెట్టింది. "కార్డు మార్చుకో మే. నేనొస్తా తోడు. ఇద్దరం కలిసి సర్జాపురం పోదాం. నీకు కిటికీ సీటు ఇస్తా."

"ఓటు పోతాదక్కా. మా బావ ఊరుకోడు. పంచాయతీ ఎలక్షన్లు అయిపోనీ."

నా మొహం వైపు చాలాసేపు చూసింది. "సరేలే, అయిపోనీ" అని, ఆ మాట అంతటితో వదిలేసింది.

పంచాయతీ ఎలక్షన్లు ఇంకా రానేలేదు. అక్క పోయింది.

చూడ్డానికి పోతే సందులో కాలు పెట్టడానికి చోటు లేదు. మెడలో కార్డులు వేసుకున్న ఆఫీసు పిల్లలు ఏడుస్తూ నిలబడ్డారు. ఖాకీ చొక్కా డ్రైవరు ఒకడు డ్యూటీ మధ్యలో వచ్చి, చేతులు కట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళాడు. కొడుకు ఆటో మీద తలపెట్టి ఏడుస్తున్నాడు. నేను పోతే మా ఆయన అంగడికి వచ్చే టైలర్లు తప్ప ఎవరొస్తారు? ఇంటికి తిరిగొచ్చేసరికి కిటికీ కమ్మీకి కనకాంబరాలు వేలాడుతున్నాయి. ఆ పొద్దున తగిలించినవే. అప్పుడు ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే, మా ఆయన అన్నం తానే వడ్డించుకున్నాడు.

దినాలు అయిపోయాక ఒక పొద్దున కరెంటు బిల్లు తీసుకుని బయలుదేరాను. "యాడికి?" అన్నాడు మా ఆయన. "కార్డు మార్పిచ్చుకోవడానికి" అన్నాను. "ఓటు?" అన్నాడు. "పోతే పోనీ" అన్నాను. ఆ మాట అనేసి, ఆయన ఇంకేమీ అడక్కముందే మెట్లు దిగాను.

ఆధార్ సెంటర్లో ఒక తెలుగు పిల్ల కూర్చుని ఉంది. ఊళ్ళో ఓటు ఎప్పుడు పోతుందని అడిగాను.

"ఓటర్ లిస్ట్ వేరే ఆంటీ, ఆధార్ వేరే. ఇక్కడ అడ్రస్ చేంజ్ చేస్తే అక్కడ ఓటు ఆటోమేటిగ్గా పోదు. ఎవరు చెప్పారు మీకు?"

"మా బావ" అన్నాను.

ఆ పిల్ల నవ్వుతూ కంప్యూటరు వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ, ఇన్ని బస్సులు, తన పక్కన సీటు చరుస్తూ "రా మే" అని పిలిచే మనిషి! ఏదీ అడ్డం లేనిదానికి నేను మెట్ల మీద కూర్చుని కుళ్ళుకున్నాను. ఈ సంగతి తెలిస్తే అందరికంటే గట్టిగా నవ్వే మనిషి లేదు. అంగడికి పోయి చెబితే మా ఆయన "అట్లనా?" అని, గుండీలు ఏరుకుంటూ కూర్చున్నాడు. మీకైతే చెబుతున్నాను, ఆ గుండీల డబ్బా ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది.

కొత్త కార్డు చేతికొచ్చిన మర్నాడే సర్జాపుర బస్సెక్కాను. కార్డు తీసి, అడ్రసు పైకి కనిపించేటట్టు పట్టుకున్నాను. కండక్టరు దాని వైపు చూడనే లేదు. నా తెల్లజుట్టు చూసి, సున్నా టికెట్టు కొట్టి, చేతిలో పెట్టి ముందుకు పోయాడు.

"చూడప్పా, కార్డు చూడు" అన్నాను.

"గొత్తు అమ్మా, కూత్కొళ్ళి" అన్నాడు. తెలుసులే, కూర్చో అని. టికెట్టు సన్నగా చుట్టి గాజుల్లో దూర్చుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా అపార్టుమెంట్లు, దుమ్ము, మళ్ళీ అపార్టుమెంట్లు. లాస్ట్ స్టాపులో దిగి చుట్టూ చూశాను. ఆమె చెప్పింది నిజమే, అక్కడ ఏమీ లేదు. ఒక టీ అంగడి, ఆగిన బస్సులు, గొడుగు కింద పూలామె.

మూరెడు కనకాంబరాలు కొలవమని, "ఈడికి ఒకామె వస్తా ఉండె, ముక్కుకు రెండు పక్కలా పుడకలు" అన్నాను.

"నీలం పట్టీ ఆయమ్మనా? ఈ మధ్య రాలేదే! ఒంట్లో బాగలేదా?"

చెప్పాను. ఆమె చేతిలో దండ ఆగిపోయింది. "అయ్యో శివా" అంది. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వేనా ఆ చెల్లెలు? ఆంధ్రాలో ఓటుండేది?" అంది.

"నా గురించి చెప్పిందా?"

"ఎప్పుడొచ్చినా నీ మాటే. మా చెల్లెలికి ఓటేయమని ఊరినించి బస్సు పంపిస్తారు, నువ్వు రాకపోతే పని జరగదంటారు, కుర్చీ ఏసి కాఫీ ఇస్తారు అని చెప్తాంటాది. నా ఓటు ఉంటే ఎవురికి, లేకుంటే ఎవురికి, నన్ను రమ్మని పిలిచేటోళ్ళు యాడా లేరు, అందుకే ఈ బస్సులు పట్టుకోని తిరగతాండా అంటాది. దాన్ని చూస్తే నాకు కడుపుమంట అంటాది."

"నవ్వతా అన్నిందా?"

"నవ్వతానే. ఒకసారి మాత్రం ఏడ్చింది. మీ ఊరికి పోయొచ్చినాంక అనుకుంటా. ఇదో, ఈ రాయి మీదే కూచోని ఏడ్చింది."

నేను ఆ రాయి మీదే కూర్చున్నాను. అబద్ధమెందుకు, మొదట సంతోషం వేసింది. నన్ను చూసి ఆమెకు కడుపుమంటా! ఆ తర్వాత పట్టలేనంత కోపం వచ్చింది. పక్కపక్కన కూర్చుని అన్ని అనపకాయలు ఒలిచామే, ఒక్కసారి చెబితే ఏం పోయేది? నేనూ చెప్పేదాన్ని కదా. ఇద్దరం ఒకరిని చూసి ఒకరం హాయిగా కుళ్ళుకునేవాళ్ళం.

పూలామె మూరకు పైన ఇంకో జానెడు కలిపి తుంచి, "ఆయమ్మకు ఇట్లనే ఇస్తాంటి" అంది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పూలు తలలో పెట్టుకుని బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. బస్సు కదిలినా వెనక్కి తిరిగి ఆ పూలామెనే చూస్తూ ఉన్నాను. అక్క ఆ మాట చెప్పింది ఆమెకు. అక్క ఏడవడం చూసింది ఆమె. గొడుగు కనుమరుగయ్యేదాకా ఆ పూలామెను చూసి నా కడుపు మండుతూనే ఉంది.